పాలు మానేసిన ఇంట్లో రోజూ సోయా తినవచ్చా?

ప్రశ్న: కొర్లగుంట, తిరుపతి

అందరికీ నమస్కారం. నా వయసు 46 ఏళ్ళు, బరువు 68 కిలోలు. పద్నాలుగు నెలల క్రితం మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి కూడా పూర్తిగా మానేశాను. ఎందుకు మానేశానన్నది ఇక్కడ అప్రస్తుతం. నాలుగు ఆవులున్న ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక మా అమ్మకు మాత్రం ఈ నిర్ణయం ఇప్పటికీ మింగుడుపడలేదు. పెరుగన్నం కలుపుకోకుండా కంచం ముందు నుంచి లేచిపోయే మనిషిని ఆవిడ తన ఇంట్లో ఇంతవరకు చూడలేదు.

పాలు ఖాళీ చేసిన చోట సోయా వచ్చి కూర్చుంది. ఉదయం ఒక గ్లాసు సోయా పాలు, మధ్యాహ్నం కూరలోనో పులావులోనో మీల్ మేకర్, వారంలో మూడు రాత్రులు చపాతీలోకి టోఫు (సోయా పాలతో చేసే పన్నీరు లాంటిది), ఇదీ నా తిండి. మీల్ మేకర్‌ను నానబెట్టక ముందు తూకం వేస్తే నా వంతుకు 40 గ్రాములు వస్తోంది. పదిహేనేళ్ళ మా అబ్బాయి కూడా ఆరు నెలలుగా ఇదే తింటున్నాడు. నా భార్య పెరుగు మానలేదు గానీ, కాఫీలోకి మాత్రం సోయా పాలే వాడుతోంది. ఆమెకు ఆరేళ్ళుగా థైరాయిడ్ మాత్ర ఉంది.

మొన్న సంక్రాంతికి వచ్చిన మా బావమరిది ఇదంతా చూసి, "బావా, సోయా అంటే ఆడవాళ్ళ హార్మోనే. నీ సంగతి ఎలా ఉన్నా, మీసాలొచ్చే వయసులో ఉన్న పిల్లాడికి పెట్టకు" అన్నాడు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు సోయా ముట్టకూడదని కూడా ఎక్కడో చదివానన్నాడు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను కానీ, పిల్లవాడి కంచంలో మీల్ మేకర్ వడ్డిస్తున్నప్పుడల్లా ఆ మాటే గుర్తుకొస్తోంది. తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మొదటి సమాధానం: గ్రీమ్స్‌పేట, చిత్తూరు

నేను పోషకాహార శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిని. మీ బావమరిది గారి మాటలో ఆవగింజంత నిజం ఉంది కనుకనే ఆ మాట ఇన్నేళ్ళుగా చావకుండా తిరుగుతోంది. సోయా గింజలో జెనిస్టీన్, డైడ్జీన్ వంటి ఐసోఫ్లేవోన్లనే పదార్థాలు ఉంటాయి. వాటి నిర్మాణం ఆడవారిలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను కొంత పోలి ఉంటుంది, అందువల్ల శరీర కణాలలో ఈస్ట్రోజెన్ అతుక్కునే గ్రాహకాలకు అవి కూడా అతుక్కోగలవు. ఆ గ్రాహకాలలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలున్నాయి. ఐసోఫ్లేవోన్లు ఎక్కువగా బీటా వైపే మొగ్గుతాయి, పైగా వాటి ప్రభావం అసలు హార్మోన్‌తో పోలిస్తే చాలా బలహీనం. పోలిక ఉన్నంత మాత్రాన సోయా పాలు తాగడమూ ఈస్ట్రోజెన్ మాత్ర మింగడమూ ఒకటి కావు.

మరి మగవారికి రొమ్ములు పెరుగుతాయన్న ప్రచారం ఎక్కడి నుంచి వచ్చిందంటే, అందులో పెద్ద వాటా 2008లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కథనానిది. అమెరికాలో అరవై ఏళ్ళ వ్యక్తి ఒకరికి నిజంగానే రొమ్ములు ఉబ్బి నొప్పి పుట్టాయి. ఆయన రోజుకు మూడు లీటర్లకు కాస్త తక్కువగా సోయా పాలు తాగేవారని విచారిస్తే తేలింది. మన అరలీటరు పాల ప్యాకెట్ల లెక్కలో చెప్పాలంటే రోజుకు దాదాపు ఆరు ప్యాకెట్లు! అవి మానేశాక ఆయన కోలుకున్నారు. ఒక గ్లాసు సోయా పాలలో ఉండే ఐసోఫ్లేవోన్లు సుమారు 25 మిల్లీగ్రాములు. మీ గ్లాసునూ ఆయన ఆరు ప్యాకెట్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మగవారి మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి 2010లో ఒకసారి, మరిన్ని పరీక్షలను చేర్చి 2021లో మరొకసారి విశ్లేషించినప్పుడు, సోయా వల్ల గానీ ఐసోఫ్లేవోన్ల వల్ల గానీ మగ హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ తగ్గినట్టు కనబడలేదు. మీ అబ్బాయి విషయానికి వస్తే, చైనా, జపాన్ దేశాలలో మగపిల్లలు చిన్ననాటి నుంచీ టోఫు తింటూనే పెరుగుతున్నారు. అతడికి సోయా ఎలర్జీ లేకపోతే, ఆహారంగా తినే ఈ మోతాదుకు భయపడవలసింది లేదు. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తల్లిపాలకు బదులుగా మామూలు సోయా పాలు పట్టకూడదు. ఈ ప్రశ్న మీది కాకపోయినా చదివేవారిలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

రొమ్ము క్యాన్సర్ గురించి ఎవరైనా అడగవచ్చు కనుక అదీ చెబుతాను. ఆ వ్యాధికి చికిత్స పొందిన 5,042 మంది షాంఘై స్త్రీలను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సోయా ఎక్కువగా తిన్నవారిలో వ్యాధి తిరగబెట్టడమూ మరణాలూ తక్కువగానే కనబడ్డాయి. ఇదంతా ఆహారం సంగతి. ఐసోఫ్లేవోన్లను విడిగా తీసి మాత్రలుగా అమ్మే సరుకును నేను దీనితో కలపడం లేదు, మీకు వాటి అవసరమూ లేదు.

అలాగని సోయాను అమృతమని కూడా అనను. రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెజబ్బు ముప్పును తగ్గించవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లో అనుమతించింది. ఆధారాలు అనుకున్నంత బలంగా లేవంటూ 2017లో అదే సంస్థ ఆ అనుమతిని ఉపసంహరించుకునే ప్రతిపాదన చేసింది. మంచి ప్రోటీన్ ఉన్న పప్పుధాన్యం, అంతే. పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. ఆ లెక్కన మీకు 56 గ్రాములు చాలు, అందులో 20 గ్రాములు మీ మీల్ మేకరే ఇస్తోంది.

మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టినది సోయా కాదు. పద్నాలుగు నెలలుగా పాలచుక్క ముట్టలేదని రాశారు గానీ, బి12 విటమిన్ ఊసే ఎత్తలేదు. అది సోయాలో లేదు, పప్పులలో లేదు, ఆకుకూరలలోనూ లేదు. కాలేయంలో ఉన్న నిల్వతో కొన్నేళ్ళ పాటు బండి నడవవచ్చు, కానీ మన దేశంలో శాకాహారులకు ఆ నిల్వ మొదటి నుంచీ తక్కువగా ఉండడం సాధారణం. లోపం ముదిరితే రక్తహీనతే కాకుండా నరాలు దెబ్బతిని కాళ్ళకూ చేతులకూ తిమ్మిర్లు మొదలవుతాయి. ఆకుకూరలు బాగా తినేవారిలో వాటిలో ఉండే ఫోలేట్ అనే విటమిన్ ఆ రక్తహీనతను కప్పిపెట్టవచ్చు, నరాలకు జరిగే నష్టాన్ని మాత్రం ఆపలేదు. మీరూ మీ అబ్బాయీ బి12 తీసుకుంటున్నారా?

రెండవ సమాధానం: తిరుచానూరు

నేను డాక్టరును కాను, పదకొండేళ్ళుగా థైరాయిడ్ మాత్ర మింగుతున్న మనిషిని. మీ భార్య గారి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. కాఫీలో సోయా పాలు ఏ వేళకు తాగుతున్నారో కనుక్కోండి.

రెండేళ్ళ క్రితం నాకు ఆవుపాలు పడక సోయా పాలకు మారాను. ఆరింటికి మాత్ర, ఆ వెంటనే స్టవ్ దగ్గర నిలబడి ఆరుంబావుకల్లా సోయా పాల కాఫీ తాగేదాన్ని. నాలుగు నెలలు తిరిగేసరికి, థైరాయిడ్ మందు చాలనప్పుడు రక్తపరీక్షలో పెరిగే, 3 దగ్గర ఉండవలసిన టీఎస్‌హెచ్ 9 దాటింది. నేను చూపించుకునే చోట తిండి ఏమైనా మారిందా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. మాత్ర మోతాదు పెంచి పంపించారు. తర్వాత మరొక డాక్టరమ్మ, మాత్రకూ సోయాకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలనీ, సోయా ఆ మందును పేగులోనే అడ్డుకుని ఒంటికి సరిగా పట్టనివ్వదనీ, కాఫీ కూడా కొంతవరకు అదే పని చేస్తుందనీ చెప్పారు. ఇప్పుడు తెల్లవారుజామున అయిదింటికి, వీధి కొళాయికి నీళ్ళు వచ్చే వేళకు లేచి పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. గంట గడిచాక సోయా పాలు లేని డికాక్షన్ తాగుతాను, సోయా అనేది మధ్యాహ్న భోజనంలోనే. రెండు నెలలలో అంకె దిగి వచ్చింది, పెంచిన మోతాదును ఆ డాక్టరమ్మే మళ్ళీ తగ్గించారు. మీరు మాత్రం సొంతంగా మోతాదు మార్చవద్దు, వేళలు మార్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష చేయించి వారికే చూపించండి.

థైరాయిడ్ ఉన్నవాళ్ళు సోయా ముట్టకూడదన్న మాటకు మూలం అయోడిన్ లోపంలో ఉంది. వెనకటికి, 1950ల చివర, అయోడిన్ కలపని సోయా పొడి పాలు తాగిన కొందరు పసిపిల్లలకు థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు దగ్గర వాపు వచ్చింది. ఆ పొడిలో అయోడిన్ కలపడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. అందుచేత మీ ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారో ఒకసారి ప్యాకెట్ వెనుక చదవండి. మన దేశంలో వంటకు అమ్మే ఉప్పులో అయోడిన్ ఉండాలన్న నిబంధన 2006 నుంచి ఉంది. అయినా ఆరోగ్యం పేరుతో అందరూ కొంటున్న గులాబీ రంగు సైంధవ లవణం ప్యాకెట్లు చాలావాటిలో అయోడిన్ కలపరు. పాలతో వచ్చే కాస్త అయోడిన్ కూడా వదులుకున్న మీకు ఉప్పే ఆధారం.

మూడవ సమాధానం: పలమనేరు దగ్గర పల్లె

అధ్యాపకురాలు గారు చెప్పిన దానిలో తప్పు పట్టే చదువు నాకు లేదు. కానీ అనపగింజలు పండే జిల్లాలో కూర్చుని, ఎక్కడో మధ్యప్రదేశ్‌లో పండిన గింజకు నూనె పిండేయగా మిగిలిన పిండిని రోజూ తినవలసిన అవసరం ఏమిటన్నది నా సందేహం. మీల్ మేకర్ అంటే అదే కదా. సోయా గింజల నుంచి హెక్సేన్ అనే ద్రావకంతో నూనె లాగేస్తారు, మిగిలిన పిండిని యంత్రంలో వేడి మీద ఒత్తి ఉండలు చేస్తారు. పితికిపప్పు (పచ్చి అనపగింజల తొక్క పితికి తీసిన పప్పు) కూర, శెనక్కాయల ఊరుబిండి, రాగి సంగటి తిని మా తాత ఎనభై ఆరేళ్ళ వయసు దాకా మడి దున్నాడు.

ఇంట్లో సోయా పాలు తీసేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి గింజలు తెచ్చి, రాత్రి నానబోసి, రుబ్బి, గుడ్డలో వడకట్టి పొయ్యి మీద పెట్టాను. నిమిషాల్లో నురగ గిన్నె అంచు దాకా పొంగింది. ఆవుపాలు పొంగితే దించడం చిన్నప్పటి నుంచీ అలవాటు కనుక వెంటనే దించేశాను. ఆ పూట తాగిన నలుగురమూ వాంతులు, కడుపునొప్పితో రాత్రంతా పెరట్లోనే ఉన్నాము. సోయా పాలు నిజంగా మరగక ముందే, ఎనభై డిగ్రీల దగ్గరే నురగ పొంగించి మోసం చేస్తాయట. పచ్చి సోయాలో ప్రోటీన్ అరగనివ్వని పదార్థాలుంటాయి, అవి బాగా మరిగితే గానీ చావవు. నురగ అణిగాక సన్నని సెగ మీద గరిటెతో కలుపుతూ మరో పదిహేను నిమిషాలు మరిగించాలని ఆ తర్వాత తెలిసింది.

మొదటి సమాధానం రాసినవారు మళ్ళీ

పలమనేరు వారికి నమస్కారం. మీల్ మేకర్ తయారీ గురించి మీరు రాసినది నిజమే. నూనె తీశాక ఆ ద్రావకాన్ని వేడితో ఆవిరి చేసి తీసేస్తారు, మిగిలేది అత్యల్పం కనుక దానికి భయపడనక్కరలేదు. కానీ ప్రోటీన్ లెక్కలో వంద గ్రాముల మీల్ మేకర్‌లో 52 గ్రాములుంటే, ఎండు అనపగింజలలో అందులో సగానికి తక్కువే. పితికిపప్పు దొరికేది కూడా చలికాలపు రెండు మూడు నెలలే, ఆ నెలలలో మా ఇంట్లోనూ మీల్ మేకర్ డబ్బా మూత తెరుచుకోదు. రోజూ ఒకే గింజ మీద ఆధారపడవద్దన్న మీ మాటతో నాకు పేచీ లేదు.

మీరు సంగటిని తెచ్చారు కనుక ఒక్క మాట కలుపుతాను. ఇంట్లో తీసిన సోయా పాలలో ఆవుపాలలో ఉన్నంత కాల్షియం ఉండదు. దుకాణంలో కొనేవాటిలో కొన్నింటికి కాల్షియం కలుపుతారు, కొన్నింటికి కలపరు, ప్యాకెట్ చూసి కొనాలి. వంద గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పెరిగే పిల్లవాడికి పాలు మానిపించిన ఇంట్లో సంగటి ముద్ద తప్పనిసరి. అలాగే సోయాలో సహజంగా ఉండే ఫైటేట్లనే పదార్థాలు ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు, మీల్ మేకర్ కూర మీద చివరన ఒక నిమ్మచెక్క పిండితే ఆ లోటు కొంత తీరుతుంది.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. మా వంటింటి డబ్బాలో ఉన్నది సైంధవ లవణమే. ప్యాకెట్ వెనుక అయోడిన్ కలపలేదని చిన్న అక్షరాలతో రాసి ఉంది, ఏడాదిన్నరగా ఎవరమూ చదవలేదు. అది మార్చాము. నా భార్య మాత్రకూ కాఫీకీ మధ్య ఉన్న ఎడం పది నిమిషాలట! అయిదింటి కొళాయి పద్ధతి తనకూ కుదురుతుందంటోంది, మార్చి నెలలో పరీక్ష చేయిస్తాము.

బి12 మేమిద్దరమూ వేసుకోవడం లేదు. అరికాళ్ళలో కొన్ని వారాలుగా సూదులు గుచ్చినట్టు ఉంటే, రోజంతా దుకాణంలో నిలబడే పని కదా అని సరిపెట్టుకున్నాను. ఈ ఉదయం నాకూ అబ్బాయికీ రక్తం ఇచ్చి వచ్చాము, శనివారం ఫలితం వస్తుంది. అది చూపించి డాక్టరు ఏమంటారో ఇక్కడే రాస్తాను. బావమరిదికి ఆరు ప్యాకెట్ల సంగతి చెప్పాను. నమ్మినట్టు లేదు. అబ్బాయి మాత్రం మధ్యాహ్నం కూర గిన్నె ఖాళీ చేశాడు.