ప్రార్థన చేసి లేచాక కూడా చింత వదలడం లేదు, ఏం చేయాలి?

అందరికీ వందనాలు. చిన్నప్పటి నుంచి విశ్వాసంలోనే పెరిగాను. చింతపడొద్దని చెప్పే బైబిల్ వచనాలు, ఫిలిప్పీ 4:6-7, 1 పేతురు 5:7, మత్తయి 6లో ఆకాశపక్షుల గురించిన మాటలు, కంఠతా వచ్చు. అయినా రాత్రి పడుకోగానే ఉద్యోగం, పిల్లల చదువు, అమ్మ ఆరోగ్యం ఒకదాని వెనక ఒకటి వరుస కడతాయి. భారమంతా దేవుని మీద వేశానని చెప్పి మోకాళ్ల మీద నుంచి లేస్తాను. పది నిమిషాల్లో మళ్లీ నేనే ఎత్తుకుంటాను.

సంఘంలో ఒక పెద్దాయనకు చెప్పుకుంటే "నీకు విశ్వాసం తక్కువ" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌కి తోడు తప్పు చేస్తున్నానన్న బాధ కూడా పట్టుకుంది. కానీ చెరసాల బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు చింతపడొద్దని రాసిన అపొస్తలుడు పౌలే, 2 కొరింథీ 11:28లో సంఘాలన్నిటి గురించిన చింత తనకు రోజూ ఉందని ఒప్పుకున్నాడు కదా! సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు అదే ప్రార్థన మూడుసార్లు చేశాడు. అది విశ్వాసం లేకనా?

భారం దేవుని మీద వేయడం అంటే రోజువారీ జీవితంలో మీరు అసలు ఏం చేస్తారు? పౌలు కృతజ్ఞతతో అడగమన్నాడు. నేనేమో ఆ ముక్క దాటేసి నేరుగా విన్నపాలకు వెళ్లిపోతాను, లోపం అక్కడే ఉందేమో. డాక్టర్ని కలిస్తే అవిశ్వాసమని ఒకరిద్దరు భయపెట్టారు, నాకైతే అలా అనిపించడం లేదు. ప్రార్థన మానకుండానే కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వచనాలు నాకు తెలుసు, మీకు నిజంగా ఏది పనిచేసిందో రాయండి.