ట్రేడింగ్ ఏజెంట్‌కి నిర్ణయం ఎంతవరకు వదలాలి? మీ అనుభవాలు చెప్పండి

బెంజిసర్కిల్_కోడర్
నిఫ్టీ ఆప్షన్లలో (షేర్ల సూచీ నిఫ్టీ మీద కాంట్రాక్టుల్లో) తనంతట తానే కొని అమ్మే ఏజెంట్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. మనం రాసిన రూల్స్‌తో నడపాలా, దానంతటదే నేర్చుకునేలా వదలాలా? నష్టం ఎక్కడ ఆపాలో దానికే వదిలేయొచ్చా? సర్వర్ ఇంట్లో పెట్టుకోవచ్చా?

అరండల్‌పేట
వాటికన్నా ముందు ఇది వినండి. పోయిన శ్రావణంలో ఒకరోజు ఆర్డర్ పంపితే టైమౌట్ వచ్చింది, అంటే గడువులోపు బ్రోకర్ నుంచి జవాబు రాలేదు. వెళ్లలేదనుకుని నా కోడ్ మళ్లీ పంపింది. మళ్లీ టైమౌట్, మళ్లీ పంపింది. నెట్ తేరుకున్నాక చూస్తే మూడూ నిండాయి, అంటే మూడు ఆర్డర్లూ అమలైపోయాయి. ఒక లాట్ (ఒకసారి కొనాల్సిన కనీస మొత్తం) కావాల్సిన చోట మూడు లాట్లు! పాప కాలేజీ ఫీజుకి దాచినవాటిలోంచి నలభై రెండు వేలు పోయాయి. ఏజెంట్‌కి "వెళ్లింది", "వెళ్లలేదు"తో పాటు "తెలియదు" అనే మూడో స్థితి ఉండి తీరాలి.

లబ్బీపేట_ఆప్షన్స్
మళ్లీ పంపకపోతే ఎలాగండీ? అమ్మిన కాల్ (ఒక రకం ఆప్షన్) ఒక్కటే మిగిలి, దాని నష్టానికి అడ్డుగా కొనే హెడ్జ్ నిండకపోతే అంతకన్నా ప్రమాదం. నేను రెండు సెకన్లకే మళ్లీ పంపిస్తాను. ఏడాదిన్నరగా ఏమీ కాలేదు.

అరండల్‌పేట
మీకు ఆ రోజు ఇంకా రాలేదు, అంతే. ప్రతి ఆర్డర్‌కి సొంత ట్యాగ్ పెట్టండి. టైమౌట్ అయితే ఆర్డర్ బుక్‌లో (బ్రోకర్ దగ్గరుండే మన ఆర్డర్ల జాబితాలో) ఆ ట్యాగ్ వెతికి, లేదని తేలాకే పంపండి.

లబ్బీపేట_ఆప్షన్స్
ఆర్డర్ బుక్కే జవాబివ్వకపోతే? అది చెప్పండి ముందు. పాఠాలు అందరూ చెబుతారు.

కృష్ణలంక
మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన లెక్క చూశారా? మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) 93 శాతం మంది చిన్న ట్రేడర్లు నష్టపోయారు. ముందు అది చదవండి.

22ఏళ్ల_సిస్టమ్స్
నేను బ్యాంకుల పేమెంట్ సిస్టమ్స్ 22 ఏళ్లు రాశాను, ఈ విషయంలో నా మాట వినండి. అరండల్‌పేట గారిదే సరైన మాట. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ కంపెనీ 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించలేదు. అందులోని పాత కోడ్‌కి ఆర్డర్ నిండిన సంగతి తెలియక పంపుతూనే పోయింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. జవాబు రాకపోతే ఆగిపోయి మనిషిని పిలవాలి. హెడ్జ్ ముందు కొని, నిండిందని తేలాకే రెండోది అమ్మాలి. అప్పుడు మధ్యలో ఆగినా పోయేది హెడ్జ్ కొనడానికి కట్టిన ప్రీమియమే.

పట్నంబజార్_టిక్కీ
మాది మిర్చి కమీషన్ కొట్టు. రేటు చెప్పే ప్రోగ్రామ్ ఒకటి రాయించాను. ఫొటోలో రంగు తెలుస్తుంది, తాలు కాయ తెలుస్తుంది. నిమ్ము తెలియదు. మా నాన్న కాయని రెండు వేళ్ల మధ్య వంచి, తొడిమ దగ్గర విరిచి, చప్పుడు విని చెబుతారు. మిర్చి కొనే బయటి ఊరి పార్టీ "ఈ రేటు దాటొద్దు, ఇన్ని టిక్కీలు (బస్తాలు) చాలు" అంటుంది. ఆ గీత లోపల నాన్న ఇష్టం. గీత మాత్రం ఆయన ఎన్నడూ జరపరు. రెండో ప్రశ్నకి నాకు తోచింది ఇదే.

చుట్టుగుంట
తేజ రకం మిర్చి ఇప్పుడు అమ్మేయమంటారా, ఆగమంటారా? కోల్డ్ స్టోరేజీలో 60 టిక్కీలున్నాయి.

పట్నంబజార్_టిక్కీ
శాంపిల్ తీసుకురండి, చూసి చెబుతాను.

లబ్బీపేట_ఆప్షన్స్
మిర్చి సంగతి వేరే చోట పెట్టుకోండయ్యా! 22 ఏళ్ల అనుభవం పేమెంట్లలో, మార్కెట్లో కాదు.

22ఏళ్ల_సిస్టమ్స్
డబ్బు రెండుసార్లు వెళ్లడం ఎక్కడైనా ఒకటే. పేపర్ ట్రేడింగ్ (అసలు డబ్బు లేని ఉత్తుత్తి ట్రేడింగ్) పెట్టి, ఆర్డర్ వెళ్లగానే రౌటర్ వైరు పీకి చూడండి.

లబ్బీపేట_ఆప్షన్స్
ఇవాళ పీకి చూశాను. ఏడుసార్లలో రెండుసార్లు డబుల్ పడింది. ట్యాగ్ వెతికే కోడ్ రాస్తున్నాను. అరండల్‌పేట గారూ, ఆర్డర్ బుక్‌ని ఎన్ని సెకన్లకోసారి అడుగుతారు?

బెంజిసర్కిల్_కోడర్
గీత సంగతి బాగా అర్థమైంది, దాన్ని ఏజెంట్ ముట్టుకోలేని ఫైల్‌లో పెడతాను. సర్వర్ గురించి ఎవరూ చెప్పలేదు. సెబీ 2025 రూల్స్ ప్రకారం ఏపీఐకి (ప్రోగ్రామ్ బ్రోకర్‌కి ఆర్డర్లు పంపే దారికి) స్టాటిక్ ఐపీ (మారని నెట్ చిరునామా) కావాలి కదా, మా వైపు ఇంటి కనెక్షన్‌కి అది తీసుకున్నవాళ్లెవరైనా ఉన్నారా?