టైగర్ మాత్‌లో ఇంగ్లండ్ నుంచి హైదరాబాద్ దాకా రావాలని ఉంది, విమానాన్ని ఎలా సిద్ధం చేయాలి?

మబ్బుచాటు_మనిషి

నమస్తే అండీ. మాది ఖమ్మం దగ్గర, ఉద్యోగం ఇంగ్లండ్‌లో. ఇక్కడ నలుగురం తలా ఒక వాటా వేసుకుని ఒక డి హావిలాండ్ టైగర్ మాత్‌ని చూసుకుంటున్నాం. రెండో ప్రపంచ యుద్ధం నాటి శిక్షణ విమానం, గిప్సీ మేజర్ ఇంజిన్, 130 హార్స్‌పవర్. కరెంటు లేదు, బ్రేకులు లేవు, తోక కింద చక్రం కూడా లేదు, ఇనప స్కిడ్డే. ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పితేనే స్టార్ట్ అవుతుంది. ఆదివారాలు అరగంట తిప్పి దించేయడం అలవాటైపోయింది, ఇంతేనా దీని బతుకు అనిపించి ఒక పెద్ద ఆలోచన పెట్టుకున్నాం. ఇక్కణ్ణుంచి ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, జోర్డాన్, సౌదీ, గల్ఫ్, ఒమన్ మీదుగా ఇండియా వచ్చి, కుదిరితే బేగంపేటలో దిగాలని.

మా ప్లాన్ ఇది: నేనూ, ఇంకో ఫ్రెండూ ఇద్దరం వస్తాం. ఇక్కడ ఏప్రిల్‌లో వాతావరణం తేరుకోగానే బయల్దేరితే మే చివరికి అక్కడుంటాం. ఇంజిన్ ఓవర్‌హాల్ చేయించి ఎక్కువ కాలం కాలేదు, రెక్కల గుడ్డ కూడా బాగానే ఉంది. జీపీఎస్, శాటిలైట్ ట్రాకర్, రేడియో, ట్రాన్స్‌పాండర్, కెమెరాలు, వీటికి బ్యాటరీలు... ఇవన్నీ ఎక్కడ బిగించాలా అని చూస్తున్నాం. ముందు ఏ పని మొదలుపెట్టాలి? ఇలాంటి పాత విమానాల మీద చేయి పెట్టినవాళ్ళెవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

పాత_గిప్సీ

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను, బిగించడం సంగతి తర్వాత, ముందు కాగితం కలం తీసుకోండి. నేను ఏఎమ్ఈగా (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు) పనిచేసి రిటైరయ్యాను, గిప్సీ ఇంజిన్లు కొన్ని నా చేతుల మీదుగా వెళ్ళాయి.

మీ దారిలో అసలు కష్టం ఆల్ప్స్ కాదు, ఎడారీ కాదు, మస్కట్ దాటాక వచ్చే సముద్రం. మస్కట్ నుంచి జామ్‌నగర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. టైగర్ మాత్ నికరంగా గంటకు 140 కిలోమీటర్లు పోతుందనుకుందాం, గాలి అటూ ఇటూ లేకపోతే ఎనిమిదిన్నర గంటలు. గంటకు 30 లీటర్లు తాగుతుంది కాబట్టి 255 లీటర్లు, రెండు గంటల రిజర్వు కలిపితే 315. మీ పై రెక్క మధ్యలో ఉన్న ట్యాంకులో పట్టేది 86 లీటర్లు, అంటే మూడు గంటలకు కాస్త తక్కువ. మిగతాది ఎక్కడ పెడతారు? ముందు సీట్లో. ఒక్కరే నడిపితే వెనక సీట్లోంచే నడపాలి కదా, ముందు సీటు సెంటర్ ఆఫ్ గ్రావిటీకి (విమానం బరువు తూగే కేంద్రానికి) దగ్గర, ట్యాంకుకి అంతకన్నా మంచి చోటు లేదు. అంటే మీ ఫ్రెండ్ కూర్చోవాల్సిన చోట పెట్రోల్ కూర్చుంటుంది.

ఇప్పుడు బరువు చూడండి. ఖాళీ విమానం పుస్తకం ప్రకారం 506 కిలోలు, గరిష్ఠం 828. మీ చేతిలో ఉన్నది 322. పెట్రోలే 225 కిలోల పైన, బట్టలతో సహా మీరు 85, అక్కడికే 310. ఆ అదనపు ట్యాంకు ఖాళీది ఎంత తూగుతుంది? లైఫ్ రాఫ్ట్, నీళ్ళు, టూల్స్, స్పేర్లు? కెమెరాలూ బ్యాటరీలూ అన్నారే, వాటికి చోటు కాదు సమస్య. 506 అన్నది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు మాట, ఇన్నేళ్ళ రంగులూ రిపేర్లూ కలిపి మీది ఇవాళ ఎంత ఉందో తూకం వేయించకుండా ఒక్క బ్రాకెట్ కూడా బిగించొద్దు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది మర్చిపోతారు. పెట్రోల్ కంటే ముందు మీకు ఆయిల్ అయిపోతుంది. బయట పక్కకి వేలాడే ఆ ఆయిల్ ట్యాంకులో పట్టేది తొమ్మిదిన్నర లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న గిప్సీ కూడా గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. లీటరు లెక్కేస్తే ఎనిమిదిన్నర గంటలకు అడుగున మిగిలేది ఎంత? సముద్రం మీద ఆ ప్రశ్న వేసుకోకూడదు. కాబట్టి ఇప్పట్నుంచే ప్రతి ఫ్లైట్‌కి ఆయిల్ ఎంత పోశారో, ఎన్ని గంటలు ఎగిరారో రాసి పెట్టండి, మీ ఇంజిన్ అసలు అలవాటు ఏంటో ఈ వేసవిలోనే తేలిపోతుంది. ఎక్కువ తాగుతుంటే గాల్లోనే ఆయిల్ నింపుకునే ఏర్పాటు కావాలి, లేదంటే ప్రయాణంలో ఆ లెగ్ (ఆ మజిలీ) మానుకోవాలి.

ఫెర్రీబాబాయ్

పైన పెద్దాయన లెక్క కరెక్ట్. సెస్నాలు, పైపర్లు దేశాలు దాటించిన అనుభవంతో ఇంకొన్ని కలుపుతాను.

తమ్ముడూ, ఏప్రిల్ ఆలోచన మానెయ్. మేలో గల్ఫ్‌లో 45 డిగ్రీల్లో నిండు ట్యాంకులతో 130 హార్స్‌పవర్ విమానం లేస్తుందో లేదో తర్వాత, లేచాక ఎక్కదు. పైగా జూన్ వచ్చేసరికి అరేబియా సముద్రం మీద నైరుతి మొదలు. సెప్టెంబర్ చివర్లో ఇంగ్లండ్ వదిలి, ఫ్రాన్స్‌లో రోన్ లోయ పట్టుకుని దక్షిణానికి దిగు (మిస్ట్రల్ గాలి వెనకనుంచి తోస్తుంది, దిగేటప్పుడు మాత్రం దానితోనే చిక్కు), అక్టోబర్‌లో మధ్యధరా, నవంబర్‌లో ఇండియా. నీకు ఎండా వానా రెండూ తప్పుతాయి.

కాగితాలు విమానం కంటే ముందు మొదలుపెట్టాలి. ముందు సీట్లో ట్యాంకు అంటే మాడిఫికేషన్, మీ దేశం అథారిటీ డ్రాయింగులు అడుగుతుంది, ఏడాది పట్టినా ఆశ్చర్యపోకు. ఆపైన ప్రతి దేశానికీ ఎగిరే అనుమతి, దిగే అనుమతి విడివిడిగా, తేదీలతో. గంటకు 140 కిలోమీటర్లు పోయే విమానం తేదీలకు కట్టుబడి ఉండటం ఎంత కష్టమో నీకు చెప్పక్కర్లేదు, అందుకే అనుమతి అడిగేటప్పుడే ముందూ వెనకా కొన్ని రోజులు కలిపి అడగాలి. 2016లో క్రీట్ నుంచి కేప్‌టౌన్ దాకా పాత విమానాల ర్యాలీ ఒకటి జరిగింది, గీజా పిరమిడ్ల పక్కన దిగినవాళ్ళే. ఇథియోపియాలో గంబేలా దగ్గర అనుమతి గొడవతో పైలట్లందర్నీ రెండ్రోజులు ఎయిర్‌పోర్టులోనే పట్టి ఉంచారు. విమానాలకేమీ కాలేదు, కాగితం దగ్గర ఆగిపోయారు.

శాటిలైట్ ట్రాకర్ అన్నావు. ఇండియాలో లైసెన్స్ లేకుండా ఇరిడియం, తురాయా ఫోన్లు గానీ, ఆ రకం చిన్న మెసెంజర్లు గానీ ఉంచుకోవడం నేరం, ఎయిర్‌పోర్టుల్లో విదేశీ టూరిస్టులు పట్టుబడి కేసుల పాలయ్యారు. రాతపూర్వక అనుమతి లేకపోతే మస్కట్‌లోనే కొరియర్ చేసి ఇంటికి పంపెయ్.

పాకిస్తాన్ మీదుగా జివానీ, కరాచీ అయితే సముద్రం తగ్గుతుంది, గ్వాదర్ మస్కట్‌కి 400 కిలోమీటర్ల పైచిలుకే. కానీ 2025 ఏప్రిల్ తర్వాత రెండు దేశాలూ ఒకరి విమానాలకు ఒకరు గగనతలం మూసుకున్నాయి. మీది బ్రిటిష్ రిజిస్ట్రేషనే అయినా, అటునుంచి ఇటు దాటే చిన్న విమానానికి ఆ వాతావరణంలో అనుమతి వస్తుందని నమ్ముకుని డబ్బు పెట్టొద్దు.

పెట్రోల్ సంగతి: పెద్ద ఎయిర్‌పోర్టుల్లో జెట్ ఇంధనమే, అవ్‌గ్యాస్ (మీలాంటి చిన్న విమానాల పెట్రోల్) దొరకదు. ముందే డ్రమ్ములు తెప్పించి పెట్టుకోవాలి. ఇండియాలో మునుపు అవ్‌గ్యాస్ అంతా దిగుమతే, 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వడోదరలో 100 ఎల్ఎల్ రకం అవ్‌గ్యాస్ తయారు చేస్తోంది, కాబట్టి గుజరాత్ చేరితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

చరిత్రపిచ్చోడు

నేను పైలట్‌ని కాను, చదివింది చెప్తా. ఏప్రిల్, మే అన్నారు కదా, 1930 మే నెలే చూడండి, ఒకే నెలలో ముగ్గురు ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఎగిరారు, ముగ్గురివీ జిప్సీ మాత్‌లే (మీ టైగర్ మాత్‌కి అన్నలాంటి విమానం). ఆగాఖాన్ పెట్టిన బహుమతి కోసం 17 ఏళ్ళ ఆస్పీ ఇంజినీర్ ఇంగ్లండ్ నుంచి కరాచీకి, జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి ఇంగ్లండ్‌కి, ఇద్దరూ ఒంటరిగా. ఈజిప్టులో అబూకిర్ దగ్గర ఆస్పీ స్పార్క్ ప్లగ్గుల్లేక ఇరుక్కుపోతే పోటీలో ఉన్న జేఆర్‌డీయే తన దగ్గరున్న స్పేర్లు ఇచ్చాడు. గెలిచింది ఆస్పీ, తర్వాత రోజుల్లో ఎయిర్‌ఫోర్స్ చీఫ్ కూడా అయ్యాడు. మీ స్పేర్ల జాబితాలో మొదటి పేరు ఏదో అక్కడే తేలింది.

మూడో మనిషి ఆమీ జాన్సన్. మే 5న క్రోయ్‌డన్‌లో బయల్దేరి 24న ఆస్ట్రేలియాలో డార్విన్ చేరింది. ఆమె విమానం కూడా సెకండ్ హ్యాండే, అంతకుముందు యజమాని ఎక్స్‌ట్రా ట్యాంకులు పెట్టించి ఉంచాడు. ఆ పెట్రోల్‌ని గాల్లో చేత్తో పంపు కొట్టి పై ట్యాంకుకి ఎక్కించుకోవాలి, వాసనకి కడుపులో తిప్పేసిందట. కానీ నాకు నచ్చేది ఏంటంటే, బయల్దేరే ముందే ఆమె గ్రౌండ్ ఇంజినీర్ లైసెన్స్ తెచ్చుకుంది. దిగిన చోటల్లా ఇంజిన్ పని తనే చేసుకునేది. రంగూన్ దగ్గర వానలో దారి తెలియక ఇన్సేన్‌లో ఒక టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఆటస్థలంలో దిగితే రెక్క చిరిగింది, ప్రొపెల్లర్ విరిగింది. ప్రొపెల్లర్ స్పేరు విమానానికే కట్టుకుని తెచ్చుకుంది కాబట్టి సరిపోయింది. రెక్కకి గుడ్డ కావాలంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిన విమానాల గుడ్డతో అక్కడివాళ్ళు కుట్టించుకున్న చొక్కాలు దొరికాయి, వాటిని విప్పి అతికారు!

ఇక టైగర్ మాత్‌లోనే వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1978లో బ్రిటిష్ వాయుసేన పైలట్ డేవిడ్ సిస్టర్ డన్స్‌ఫోల్డ్ నుంచి డార్విన్‌కి 32 రోజుల్లో చేరాడు, ఆయనా ఒక్కడే.

మబ్బుచాటు_మనిషి

ఇన్ని వస్తాయనుకోలేదు, థాంక్సండీ. నిన్న రాత్రి మా ఫ్రెండ్‌కి ఆ 322 కిలోల లెక్క చూపించాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే నేను డ్రమ్ములతో ముందే వెళ్ళి ప్రతి చోటా నీకు ఎదురుచూస్తా" అన్నాడు. సెప్టెంబర్‌కి మార్చుకున్నాం. ఈ ఏడాది కాదు, వచ్చే ఏడాది. మస్కట్, జామ్‌నగర్ లెగ్ మాత్రం ఇంకా మింగుడుపడటం లేదు. ఒమన్‌లో రెక్కలు విప్పి కంటైనర్‌లో పెట్టి గుజరాత్‌లో ముంద్రా పోర్టుకి పంపిస్తే మోసం చేసినట్టవుతుందా?

పాత_గిప్సీ గారూ, విమానం మీద చేయాల్సిన పని గురించి కూడా కాస్త చెప్పరా? ఓవర్‌హాల్ అయిన ఇంజిన్ కదా, దాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యొచ్చా?

రన్‌వే_రాజు

కంటైనరే మేలు అన్నా. 1,200 కిలోమీటర్ల సముద్రం మీద ఒక్క ఇంజిన్, అదీ చక్రాలు లోపలికి ముడుచుకోని బైప్లేన్, నీళ్ళలో దిగితే చక్రాలు పట్టేసి బోర్లా పడుద్ది. ఎవడో ఏదో అంటాడని టెన్షన్ దేనికి. మిగిల్చిన డబ్బుతో ఇండియాలో ఇంకో లెగ్ ఎగురు. 1932లో టాటాల మొదటి ఎయిర్‌మెయిల్ కరాచీ, అహ్మదాబాద్, బొంబాయి వచ్చి అక్కణ్ణుంచి బళ్ళారి మీదుగా మద్రాస్ వెళ్ళింది. అహ్మదాబాద్‌లో పెట్రోల్ ఎడ్లబండి మీద వచ్చిందట. అహ్మదాబాద్ నుంచి ఆ దారి పట్టుకుని బళ్ళారి దగ్గర పైకి తిరిగితే హైదరాబాదే.

పాత_గిప్సీ

మోసం ఏమీ లేదు, పడవలో పెట్టండి. నేను మీ వాటాదారుణ్ణైతే సంతకం అక్కడే పెడతా.

పని గురించి. మొదట ఫ్యూజలాజ్‌కి అడ్డంగా, కింది రెక్కల మొదళ్ళని పట్టి ఉంచే టై రాడ్‌లు. 2013 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్ తీరంలో ఒక టైగర్ మాత్ ఎడమ రెక్కలు గాల్లోనే ఊడిపోయి ఇద్దరు చనిపోయారు. ఆ రాడ్‌లు ఫెటీగ్ పగుళ్ళతో విరిగాయని దర్యాప్తులో తేలింది, అదీ వాటికి రాసి ఉన్న ఆయుష్షు తీరకముందే. మీవి ఎవరు తయారు చేసినవి, ఎప్పుడు వేసినవి, కాగితం ఉందా? లేకపోతే కొత్తవి వేయించండి, ఇంకేమీ ఆలోచించొద్దు. గుడ్డ "బాగానే ఉంది" అన్నారు, టెస్టర్‌తో నొక్కి చూసిన మాటా, చూపుకి బాగున్న మాటా? పైన డోప్ (గుడ్డ బిగువుకి పూసే పూత) మెరుస్తూ లోపల నార బలం పోయినవి చూశాను. ఎక్కువ ఎండ తినేది పై రెక్క పైభాగం, అక్కడ పరీక్ష చేయించండి.

ఇంజిన్ ముట్టుకోకుండా వదిలేయకూడదు. గిప్సీ పుట్టింది 70 ఆక్టేన్ రోజుల్లో, మీరు దారంతా పోసేది 100 ఎల్ఎల్, దానిలో సీసం దీనికి ఎక్కువ. కింది నేల మీద తీరిగ్గా ఐడిల్‌లో వదిలితే ప్లగ్గుల మీద బూడిదరంగు గుండ్రటి పూసల్లా పేరుకుంటుంది, ఆ ప్లగ్గు పని మానేస్తుంది, మాగ్నెటో (ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చేది) చెక్‌లో ఆర్పీఎం పడిపోయి మీరేమో మాగ్నెటోని తిడతారు. ప్రతి రెండు మూడు రోజులకు ప్లగ్గులు తీసి శుభ్రం చేసుకోవాలి, ఒక పూర్తి సెట్టు స్పేర్‌గా ఉండాలి, ఆస్పీ సంగతి పైన చెప్పారుగా. ఇంకోటి, సిలిండర్లు తలకిందులుగా ఉంటాయి కాబట్టి రాత్రంతా ఆయిల్ హెడ్‌లలోకి దిగుతుంది. ఉదయం స్విచ్‌లు ఆఫ్‌లో ఉన్నాయని కళ్ళారా చూసుకుని ప్రొపెల్లర్‌ని చేత్తో నిదానంగా పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయకుండా ప్లగ్గు విప్పి ఆయిల్ వదిలేయండి.

ప్రొపెల్లర్ చెక్కది కదా, ఇంగ్లండ్ చెమ్మలో ఉబ్బి ఉన్న చెక్క జోర్డాన్, సౌదీ పొడిగాలికి కుంచించుకుపోతుంది, దాన్ని మధ్యలో పట్టి ఉంచే హబ్ బోల్టులు వదులవుతాయి. వదులైన హబ్ రాపిడికి చెక్క నల్లగా మాడుతుంది. ఎడారిలో అడుగుపెట్టిన రెండో రోజు ఒకసారి, గుజరాత్ చేరాక మళ్ళీ ఒకసారి టార్క్ రెంచితో చూసుకోవాలి, ఎంత బిగించాలో మీ ప్రొపెల్లర్ తయారీదారు షీట్‌లో ఉంటుంది, కండబలంతో బిగించకండి.

స్కిడ్డు కింద గట్టి లోహపు షూ వేయించండి, రెండు స్పేర్లు పెట్టుకోండి, కాంక్రీటు మీద అది సుద్దముక్కలా అరుగుతుంది. బ్రేకులు లేవని టవర్‌కి ముందే చెప్పి, రెక్క పట్టుకోడానికి ఇద్దరు మనుషుల్ని అడగండి. ముందు బరువు తూకం కాగితం ఇక్కడ పెట్టండి, ఇంకో ట్యాంకు ఎంత సైజుదో అప్పుడు మాట్లాడదాం.