సిపాయిల ఉత్తరాలను తరగతిలో ఎలా చదివించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను పదో తరగతికి సాంఘికశాస్త్రం బోధిస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం పాఠంలో, 1914–15లో ఫ్రాన్సులో పోరాడిన భారతీయ సిపాయిల ఉత్తరాలను ప్రాథమిక ఆధారాలుగా చదివించాలని ఉంది. అయితే నేడు మనకు దొరుకుతున్నవి చాలావరకు ఆ ఉత్తరాలు కావు. ఫ్రాన్సు రేవుపట్టణం బులోన్‌లోని సైనిక సెన్సారు కార్యాలయం వాటిలోంచి ఏరి, ఇంగ్లీషులోకి మార్చి, నివేదికలలో చేర్చిన భాగాలు మాత్రమే. వాటిని ‘సిపాయి మాట’ అని పిల్లలకు చెప్పడం న్యాయమేనా?

జవాబు 1:
న్యాయమే టీచర్ గారూ, కానీ ఆ మాట ఎన్ని చేతులు మారి వచ్చిందో ముందుగా చెప్పాలి. చాలామంది సిపాయిలకు చదువు రాదు. వారు చెబుతూ ఉంటే చదువు వచ్చిన మరొకరు రాసిపెట్టేవారు. తరువాత పటాలంలో అధికారి, ఆపైన సెన్సారు చూసేవారు. ఊళ్లోనూ ఎవరో ఒకరు పైకి చదివితేనే ఇంటివారికి తెలిసేది. ఇంతమంది చెవిన పడుతుందని తెలిసిన మనిషి ఏది చెబుతాడు, ఏది కడుపులో దాచుకుంటాడు? నేను బోర్డు మీద ఈ మనుషులను వరుసగా రాయించి, ఒక్కొక్కరి దగ్గర ఏది తగ్గి ఉంటుందో, ఏది చేరి ఉంటుందో పిల్లలనే ఆలోచించమంటాను. ఆ నివేదికలు సిపాయిల మనోధైర్యాన్ని కనిపెట్టడానికి తయారైనవి కనుక, ఏ భాగాలను ఏరారన్నది కూడా ఆధారమే.

జవాబు 2:
మిరియాల ఉత్తరంతో మొదలుపెట్టండి. నల్లవి అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు, అయినా అప్పుడప్పుడు నల్లవే పనికొస్తున్నాయి అన్న అర్థం వచ్చేలా ఒక సిపాయి రాశాడు. నల్లవంటే భారతీయ సైనికులు, ఎర్రవంటే తెల్లవారు. ఆ గుట్టు సెన్సారుకూ తెలిసింది. ఇక్కడ అనువాదం సంగతి ఒకటి ఉంది. ఇంగ్లీషులో రెండూ పెప్పరే, ఉర్దూ, హిందీలలో రెండూ మిర్చే. తెలుగులో మిరియాలు, మిరపకాయలు అని రాస్తే రెండు వేర్వేరు దినుసులై, ఒకే పేరుకు రెండు రంగులన్న పోలిక చెదిరిపోతుంది. అందుకే నేను ‘నల్ల మిర్చి, ఎర్ర మిర్చి’ అని రాసి ఇచ్చాను. ఒక అమ్మాయి, “అయిపోయాయంటే చనిపోయారనా సార్?” అని అడిగింది. ఆ తరువాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

జవాబు 3:
ఆ ఉత్తరం గొప్పదే కానీ, దానితో మొదలుపెడితే పిల్లలు ప్రతి ఉత్తరంలోనూ పొడుపుకథనే వెతుకుతారు. 1915 మార్చి 10న ఫ్రాన్సులో మొదలైన, భారతీయ సిపాయిలు కూడా పోరాడిన న్యూవ్ షాపెల్ యుద్ధానికి ముందుదొకటి, తరువాతిదొకటి పక్కపక్కన పెట్టి తేదీలు చూడమనండి. గాయపడిన సిపాయిల కోసం ఇంగ్లండులోని బ్రైటన్ రాజభవనంలో పెట్టిన ఆసుపత్రిని మెచ్చుకుంటూ రాసినవి కూడా ఇవ్వండి. ఆ మెప్పు నిజమైనదే కావచ్చు, అధికారులకు ఇష్టమైనదీ కావచ్చు. ఫ్రాన్సుకు వెళ్లిన పటాలాలలో ఎక్కువమంది పంజాబు, వాయవ్య సరిహద్దు ప్రాంతం, గఢ్వాల్, నేపాల్ వైపువారు కనుక, దీనిని భారతీయులందరి గొంతుగా చూపవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. ముందు తేదీలున్న రెండు ఉత్తరాలు, ఆ మర్నాడు మిర్చి ఉత్తరం చదివిస్తాను. నా తెలుగు అనువాదం పక్కనే ఇంగ్లీషు పాఠం కూడా ఇస్తాను. ఆ చేతుల వరుసలో చివరి చెయ్యి నాదే కదా.