ఒకే ఏడాదిలో మూడు పెద్ద పోటీలకు ఒకే రైడర్‌ను ఎలా పంపారు?

గోదావరి గట్టు:
ఈ మధ్య 2023 నాటి సైకిల్ పోటీల వీడియోలు వరుసగా చూస్తున్నాను. ఆ ఏడాది జంబో-విస్మా జట్టు జిరో (ఇటలీ), టూర్ (ఫ్రాన్స్), వుయెల్టా (స్పెయిన్) మూడూ గెలిచింది. ఇటలీలో రోగ్లిచ్, ఫ్రాన్స్‌లో వింగెగార్డ్, స్పెయిన్‌లో సెప్ కస్. నాకు అంతుబట్టనిది కస్ సంగతి. నాయకులిద్దరూ రెండేసి పోటీలు తొక్కితే, వాళ్లకు సాయం చేసే ఇతను మూడూ తొక్కాడు. ఒక్కొక్కటి మూడేసి వారాలు! ఎవరు ఏ పోటీకి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు? రైడర్ మాట చెల్లుతుందా? మనిషి అలిసిపోతున్నాడని ఎవరు కనిపెడతారు? మా అబ్బాయి జిల్లా పోటీల్లో తొక్కుతున్నాడు. వాళ్ల కోచ్ ఏ పోటీ వచ్చినా పంపిస్తున్నారు. అడగడానికి అదీ ఒక కారణం.

క్వారెమోంట్ కొండ:
నేను బెల్జియంలో, ఘెంట్‌లో ఉంటాను. మార్చి వచ్చిందంటే ఇక్కడ ఆఫీసులో కూడా సైకిల్ పోటీల కబుర్లే.

ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నది చాలావరకు డిసెంబరులోనే తేలిపోతుంది. ఆ నెలలో చాలా జట్లు స్పెయిన్ తూర్పు తీరానికి, కాల్పే, దేనియా ఊళ్ల హోటళ్లకు చేరతాయి. పగలు సాధన, సాయంత్రం మాటలు. కోచ్, పోటీలో జట్టు వ్యూహం నడిపే స్పోర్ట్స్ డైరెక్టర్, డాక్టర్ ఒక్కో రైడర్‌తో కూర్చుంటారు. టూర్ మార్గాన్ని అక్టోబరులోనే ప్రకటిస్తారు కాబట్టి ఈసారి కొండలు ఎక్కువా, టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే దూరం) ఎక్కువా అన్నది అప్పటికే చేతిలో ఉంటుంది. జట్టులో 30 మంది ఉన్నా మూడు వారాల పోటీకి వెళ్లేది 8 మందే. 2018కి ముందు 9 మంది వెళ్లేవారు. ఆ ఒక్క చోటు పోవడంతో చదును దారిలో గాలికి ఎదురు తొక్కేవాడిని తీసుకోవాలా, కొండ మీద తోడుండేవాడిని తీసుకోవాలా అన్న లెక్క ఇంకా బిగుసుకుంది. రైడర్ మాట చెల్లుతుంది, కానీ గెలిచి చూపించినవాడి మాట చెల్లినంతగా కొత్తవాడి మాట చెల్లదు.

పేర్లు ఖాయం అయ్యాక లక్ష్యం దగ్గర నుంచి వెనక్కి లెక్కేస్తూ వస్తారు. ఏ శరీరమూ జనవరి నుంచి అక్టోబరు దాకా శిఖరాన ఉండదు. ఏడాదికి రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు ఆ స్థితికి చేర్చగలరు. అందుకే లక్ష్యానికి ముందు కొన్ని వారాలు టెనెరీఫే దీవిలోని టెయిడే అగ్నిపర్వతం మీదికో, సియెర్రా నెవాడాకో పంపేస్తారు. రెండు వేల మీటర్ల పైన ఉంటే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. ఆ వారాల్లో జరిగే పోటీలు ఎంత గొప్పవైనా వదులుకోవాల్సిందే.

ఆ వదులుకోవడం ఎంత బరువో 2024లో కళ్లారా చూశాను. మీరు చెప్పిన జట్టులోనే ఉన్న బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్ ఆ వసంతంలో ఫ్లాండర్స్, రూబే అనే ఒక్కరోజు పోటీల కోసం ఇటలీలోని మిలాన్-సాన్ రెమో పోటీని కూడా వదిలేసి టెయిడే మీద సాధన చేశాడు. మార్చి 27న, ఫ్లాండర్స్‌కు నాలుగు రోజుల ముందు, డ్వార్స్ డోర్ వ్లాండరెన్ అనే పోటీలో, దిగుడులో పడిపోయాడు. కాలర్‌బోన్, రొమ్ముటెముక, పక్కటెముకలు విరిగాయి. నేను వారెగెమ్‌లో ముగింపు గీత దగ్గర పెద్ద తెర ముందు ఉన్నాను. అతను రోడ్డు మీద కూర్చుని, వీపు వెనక జెర్సీ చిరిగి, ఏడుస్తుంటే మా చుట్టూ ఒక్కరు మాట్లాడలేదు. ఆ రోజు గెలిచింది అదే జట్టులోని మాటెయో జోర్గెన్సన్. జట్టు ఒక చేత్తో గెలుపు అందుకుంటూ, రెండో చేత్తో నెలల తరబడి రాసుకున్న ప్రణాళిక చించేసుకోవలసి వచ్చింది.

ఇక కస్. మూడు తొక్కడం సాధ్యమైందంటే సహాయకుడి పని తీరు వేరు కాబట్టి. నాయకుడు ప్రతి రోజూ ప్రతి సెకను కాచుకోవాలి. సహాయకుడు తనకు అప్పగించిన చోటు దాకా ప్రాణం పెట్టి లాగి, పక్కకు తప్పుకుని, మిగతా దూరం నెమ్మదిగా వచ్చేయవచ్చు. నెమ్మదిగా అన్నానని తేలిక అనుకోకండి. పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది: జట్టు కారు దాకా వెనక్కి జారి, ఆరేడు సీసాలు వీపు జేబుల్లో, జెర్సీ లోపల మెడ దాకా కుక్కుకుని, ఆ బరువుతోనే మళ్లీ గుంపు ముందుకు తొక్కుకుంటూ వెళ్తారు. ఆ పనులన్నీ మోస్తూనే కస్ జిరోలో 14వ స్థానంలో, టూర్‌లో చివరికి ముందు రోజు పడి ముఖం చిట్లినా 12వ స్థానంలో నిలిచాడు.

అలసటను కనిపెట్టేది మొదట పవర్ మీటర్, అంటే రైడర్ ఎంత బలంతో తొక్కుతున్నాడో వాట్లలో కొలిచే పరికరం. ఎన్ని వాట్లకు గుండె ఎంత కొట్టుకుందో ప్రతి సాయంత్రం కోచ్ చూస్తాడు. తిండి కూడా కొలతే. కష్టమైన రోజున గంటకు 90 నుంచి 120 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. మనకు నచ్చే సంగతి ఒకటి చెప్పనా? అందులో కొంత మన అన్నమే. రైడర్ల బాగోగులు చూసే జట్టు సిబ్బంది పొద్దున్నే కుక్కర్‌లో అన్నం మెత్తగా వండి, చక్కెర, క్రీమ్ చీజ్ కలిపి, పళ్లెంలో పరిచి చల్లార్చి, చిన్న ముక్కలు కోసి రేకులో చుడతారు. నేను ఒకసారి రోడ్డు పక్క ఆ సిబ్బందిలో ఒకతను ఇస్తే తిన్నాను, పరమాన్నం ముక్కలా ఉంది. నా నమ్మకం మాత్రం, రాత్రి కాళ్లు మర్దన చేసే ఆ సిబ్బందికే కంప్యూటర్ కంటే ముందు మనిషి సంగతి తెలుస్తుందని.

ఎత్తుపల్లాలు:
అంతా బాగుంది కానీ అదే వుయెల్టాలో ఆంగ్లిరు కొండ మీద జరిగింది మరిచారా? మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునే ఎర్ర జెర్సీలో కస్ ఉండగా రోగ్లిచ్, వింగెగార్డ్ అతన్ని వదిలేసి వెళ్లిపోయారు. డిసెంబరులో ఏం రాసుకుంటే ఏమిటి? నన్నడిగితే వాళ్లది తప్పు కాదు. బలవంతుడు గెలవాలి. లేకపోతే అది పోటీ ఎలా అవుతుంది?

క్వారెమోంట్ కొండ:
మరిచిపోలేదు, మరిచిపోలేను కూడా. ఆ రోజు లెక్క చూడండి. పొద్దున కస్‌కు వింగెగార్డ్ మీద ఉన్న ఆధిక్యం 29 సెకన్లు. కొండ మీద 19 సెకన్లు పోయాయి. రెండో స్థానంలో వచ్చిన వింగెగార్డ్‌కు 6 సెకన్లు, మూడో స్థానంలో వచ్చిన కస్‌కు 4 సెకన్లు బోనస్‌గా మొత్తం సమయంలోంచి తగ్గుతాయి కాబట్టి ఇంకో 2 పోయాయి. మిగిలింది 8 సెకన్లు. ఆ మూడో స్థానం కూడా దక్కిందంటే కారణం వేరే జట్టువాడైన మికెల్ లాండా. పైదాకా కస్‌కు ముందుండి దారి చూపాడు. సొంత జట్టువాళ్లు ముందు వెళ్తుంటే పరాయి జట్టువాడి వెనక తొక్కాల్సి వచ్చింది ఎర్ర జెర్సీ వేసుకున్న మనిషి.

బలవంతుడు గెలవాలన్న మాట వేర్వేరు జట్ల మధ్య న్యాయం. ఒకే జట్టులో కాదు. మేలో ఒకరి కోసం, జులైలో మరొకరి కోసం కాళ్లు అరగదీసుకున్నవాడు సెప్టెంబరుకు తాజా కాళ్లతో ఎలా వస్తాడు? అతని బలం వాళ్ల విజయాల్లో ఖర్చయింది. జట్టు ఆ మర్నాటి నుంచి కస్ కోసం తొక్కింది, అతను చివరికి 17 సెకన్లతో గెలిచాడు. మంచిదే. కానీ ఆ నిర్ణయం ఆంగ్లిరు ఎక్కకముందే, బస్సులోనే జరగాల్సింది. నేను ఈ విషయంలో రాజీ పడను.

ఎత్తుపల్లాలు:
బస్సులోనే తేల్చి ఉండాల్సిందన్న మాటకు ఒప్పుకుంటాను. మిగతాదానికి కాదు.

మూడో గేరు:
డబ్బున్న జట్ల కథ ఇది. చిన్న జట్లను నడిపేది పోటీల్లో తెచ్చుకున్న స్థానాలకు వచ్చే పాయింట్లు. పై స్థాయిలో 18 లైసెన్సులే ఉంటాయి, మూడేళ్ల పాయింట్లు కూడి ఎవరు ఉండాలో తేలుస్తారు. 2022 చివర లోట్టో, ఇజ్రాయెల్ జట్లు అలాగే కింద పడ్డాయి. ఆ ఏడాది లోట్టో జట్టు ఆర్నో డి లీ అనే కుర్రాణ్ని బెల్జియం, ఫ్రాన్స్‌లలోని చిన్న పోటీల్లో తొక్కించి పాయింట్లు రాబట్టింది. 2023 నుంచి జట్టులో 10 మందివి కాక 20 మంది పాయింట్లు లెక్కిస్తున్నారు. దాంతో పెద్ద పోటీలో నాయకుడికి నీళ్లు మోసి ఎక్కడో వెనక వచ్చేవాడిని, చిన్న పోటీకి పంపి అయిదో స్థానం తెమ్మనడం కొన్ని జట్లకు లాభం. రైడర్ ఆరోగ్యం ఆ లెక్కలో ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయికి పదహారేళ్లు. పవర్ మీటర్ కొనే స్తోమత లేదు. మాలాంటి వాళ్లం ఏం చేయాలి?

క్వారెమోంట్ కొండ:
పవర్ మీటర్ అక్కర్లేదండీ. ఈ ఏడాదికి ముఖ్యమైన పోటీలు రెండు ఎంచుకోమని అబ్బాయినే అడగండి, కోచ్‌ను కాదు. మిగతావాటిలో కొన్నింటికి వెళ్లినా సాధన కోసమేనని ముందే చెప్పి పంపండి. నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయమనండి. రోజూ ఉండేదానికంటే రెండు మూడు రోజులు వరుసగా బాగా ఎక్కువగా ఉంటే ఆ వారం పోటీ మానిపించండి. జ్వరం తగిలితే తగ్గిన వెంటనే తొక్కనివ్వకండి. ఆ నోటు పుస్తకం తీసుకుని మీరే కోచ్ దగ్గరికి వెళ్లి కూర్చోండి. అంకెలు ఎదురుగా ఉంటే మాట వింటారు. అప్పటికీ వినకపోతే ఇక్కడే రాయండి, ఏ పోటీలు వదలాలో తేదీలు పెట్టుకుని కలిసి చూద్దాం.