విండోస్ తీయకుండా లినక్స్ మింట్ వేయడం ఎలా?

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్ అలాగే ఉంచి, పక్కన మింట్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి. డేటా పోకుండా ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: ముందు ఫైళ్లన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ (దాన్ని తెరిచే నంబరు) కాగితం మీద రాసుకోండి. బూట్ సెట్టింగులు మారితే విండోస్ అదే అడుగుతుంది, ఆ కీ లేకపోతే డిస్క్‌లోని డేటా పోయినట్టే. తర్వాత విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను ష్రింక్ చేసి (సైజు తగ్గించి) 50 జీబీ ఖాళీగా వదలండి. ఆ ఖాళీ భాగాన్ని ఫార్మాట్ చేయొద్దు.

జవాబు 2: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అయ్యే సెట్టింగ్) కూడా ఆపేయండి. లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, విండోస్ డ్రైవ్‌లో లినక్స్ నుంచి ఏమీ సేవ్ చేయలేరు.

జవాబు 3: ఐఎస్‌ఓను (మింట్ ఇన్‌స్టాల్ ఫైల్) పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి. ఇన్‌స్టాల్ నొక్కేముందు లైవ్‌లోనే (పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిచే మింట్‌లో) వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. ‘ఎరేజ్ డిస్క్’ మాత్రం ఎంచుకోకండి, విండోస్‌తో సహా అన్నీ చెరిగిపోతాయి!