మారుత్ మోడల్ కిట్ చేస్తున్నాం: కొనేవాళ్ళతో ఆన్‌లైన్‌లో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. నేనూ మా తమ్ముడూ హైదరాబాద్‌లో ఇంట్లోనే రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) మోడల్ కిట్లు చేస్తాం, అంటే కొన్నవాళ్ళు విడి భాగాలు అతికించి కట్టుకునే చిన్న నమూనాలు. ఇప్పుడు 1/72 స్కేల్‌లో (అసలు కొలతల్లో 72వ వంతు) హెచ్‌ఎఫ్-24 మారుత్ మొదలుపెట్టాం. జర్మన్ ఇంజనీర్ కుర్ట్ టాంక్ బెంగళూరులో హెచ్‌ఏఎల్ కోసం రూపొందించిన యుద్ధ విమానం, 1961లో మొదటిసారి ఎగిరింది. మోడల్ పొడవు దాదాపు 22 సెంటీమీటర్లు వస్తుంది.

అసలు సందేహం ఇది. చెక్ రిపబ్లిక్‌లోని ఎడువార్డ్ (Eduard) అనే మోడల్ కిట్ల కంపెనీ ప్రతి నెలా ఉచితంగా ఒక పత్రిక ఇస్తుంది. అందులో విమానాల చరిత్ర ఉంటుంది, రాబోయే కిట్ల వివరాలూ ఉంటాయి. నాకది చాలా నచ్చిన పద్ధతి. మేమూ కంప్యూటర్ డ్రాయింగులు ముందే బయటపెడితే, ముక్కు వంపు తప్పిందనో, ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకుల్ని చూపేవి) లోతైపోయాయనో తెలిసినవాళ్ళు చెబుతారు, అచ్చు తీయకముందే సరిచేసుకోవచ్చు. కానీ మా తమ్ముడికి భయం: సగం పని చూసి జనం పెదవి విరుస్తారేమో, ఎవరైనా కాపీ కొడతారేమో అని.

పోయినసారి మా కిట్‌లో కాక్‌పిట్ మూత సరిగ్గా కూర్చోలేదు. ఒకాయన ఫోటోలు తీసి పంపితే మేం మూడు వారాలకు జవాబిచ్చాం. అది నన్నింకా బాధపెడుతోంది.

కిట్లు కట్టేవాళ్ళు చెప్పండి: డ్రాయింగులు ఏ దశలో చూపాలి? అతికించే విధానం తెలుగు వీడియోగా పెడితే చూస్తారా? అన్నిటికన్నా ముఖ్యంగా, తప్పు దొరికినప్పుడు తయారీదారు నుంచి మీరు ఏం ఆశిస్తారు: విడి భాగమా, డబ్బు వాపసా, వెంటనే ఒక మాటా?